ఒకే రాతి ఇల్లు, రెండు మరమ్మతులు

నా బీరువాలో ముప్ఫై తొమ్మిది డైరీలున్నాయి. సివిల్ డిప్లొమా చేతికొచ్చి, తాడేపల్లిగూడెంలో ఒక కాంట్రాక్టరు గారి దగ్గర పనిలో చేరిన రోజున మొదటిది మొదలుపెట్టాను. ఏ గోడ ఎంత లేచింది, పనికి ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, ఎండా వానా, మధ్యాహ్నం ఏం తిన్నాను, ఇవే అందులో ఉంటాయి. "గోడల సంగతి సరే, తిండి సంగతి కూడా ఎందుకండీ రాయడం?" అని మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది. ఆ తిండి సంగతే చివరికి ఒక ఇంటిని నిలబెట్టింది. ఎలాగో ముందు ముందు చెబుతాను.

పాత ఇళ్ళ మరమ్మతు పనిలోకి వచ్చే వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. కొత్త ఇల్లు కట్టడం ఒక చదువు. పాత ఇల్లు బాగుచేయడం మరొక చదువు. మొదటిది కాలేజీలో చెబుతారు. రెండోది ఆ ఇల్లే చెప్పాలి, మనం అడగాలి. నేను చాలాకాలం అడగలేదు. నేను బాగుచేసిన ఇళ్ళు ఏలూరు నుంచి పెంటపాడు దాకా చాలానే ఉన్నాయి. వాటిలో ఎక్కువ నాకు తృప్తినిచ్చినవే. కానీ వాటన్నిటి గురించీ రాస్తే మీకు ఒరిగేదేమీ లేదు. ఒక్క ఇల్లు చాలు. దాన్ని నేను రెండుసార్లు బాగుచేశాను. మొదటిసారి పాడుచేశాను అనడమే న్యాయం.

పడవలో వచ్చిన రాయి

కలిదిండి దాటి కొల్లేరు వైపు వెళితే, ఎంత లోతు తవ్వినా నల్లమట్టి, దాని కింద నీళ్ళు. గులకరాయి కూడా దొరకదు. అలాంటి చోట ఒక ఊళ్ళో నిలువెత్తు రాతి ఇల్లు ఉంది. బడిపంతులుగా పనిచేసి, చర్చిలో ఉపదేశిగా ఉన్న ఒక పెద్దాయన కట్టించాడు. బెజవాడ కొండల్లో కొట్టిన రాయి ఏలూరు కాలువ మీద పడవల్లో వచ్చిందట. కాలువ దగ్గర దింపి, వేసవిలో దారి గట్టిపడ్డాక ఎడ్లబండ్ల మీద తోలారట. మూడు వేసవులు పట్టిందని ఆ ఇంట్లోవాళ్ళు చెబుతారు.

గోడల మందం రెండడుగులు. పైన పెంకులు, టేకు దూలాలు. అన్నిటికంటే చెప్పుకోవలసింది దాని అరుగు. మనిషి నడుమెత్తు ఉంటుంది. కొల్లేరు పొంగి ఊళ్ళోకి నీళ్ళొచ్చిన ప్రతిసారీ చుట్టుపక్కల పది, పదిహేను కుటుంబాలు బియ్యం బస్తాలు, ట్రంకు పెట్టెలు నెత్తిన పెట్టుకుని ఆ అరుగెక్కుతాయి. "రాతింటికి పోదాం పదండి" అనడం ఆ ఊళ్ళో వరద మాట.

నేను మొదటిసారి వెళ్ళేనాటికి ఆ ఇంటి యజమాని ఏసుపాదం మాస్టారు, కట్టించినాయన కొడుకు. హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. గోడల అడుగున మోకాలెత్తు దాకా నెమ్ము, రాళ్ళ మధ్య సున్నం పొడిపొడిగా రాలిపోతోంది. "వానాకాలం వస్తే గోడకు చొక్కా తగిలించలేకపోతున్నాం బాబూ" అన్నారు మాస్టారు. అప్పుడు నేను పనిలో చేరి ఆరేళ్ళు. ఒంటరిగా ఒప్పజెప్పిన మొదటి పెద్ద పని అదే.

కనపడే పని, కనపడని పని

మా కాంట్రాక్టరు గారు చెడ్డవారు కాదు. టైముకు రావడం, అన్న మాట మీద నిలబడడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. కానీ ఆయనకొక సిద్ధాంతం ఉండేది. "పని కనపడాలయ్యా. ఇంటాయన పొద్దున్నే లేచి గోడ చూసుకుంటే మొహం కనపడాలి" అనేవారు. రాతి గోడకు లోపలా బయటా దట్టంగా సిమెంటు పూత పూసి, నున్నగా మెత్తి, రంగు వేయమన్నారు. నాకూ అదే సబబనిపించింది. పుస్తకంలో సిమెంటు సున్నం కంటే ఎన్నో రెట్లు గట్టిదని చదువుకుని వచ్చినవాణ్ణి.

మా పెద్ద మేస్త్రి వీరాస్వామి, పెంటపాడు మనిషి. నాకంటే పాతికేళ్ళు పెద్ద. తాపీ పిడితో గోడను తట్టి, చెవి ఆనించి వినేవాడు. సిమెంటు బస్తాలు దిగుతుంటే నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"ఆయ్, ఒక మాటండి. ఈ గోడకి ఇది వద్దండి."

"ఏం మేస్త్రీ?"

"కింద నీళ్ళున్న నేలండి ఇది. తడి ఎలాగూ పైకొత్తాది. వచ్చిన చుట్టం ఎటో అటు ఎల్లిపోవాలి కదండి. మనం అన్ని తలుపులూ బిగించేత్తే ఇంట్లోనే కాపరం పెట్టేత్తాది."

"సిమెంటు వేస్తే చుట్టం అసలు లోపలికే రాదయ్యా" అన్నాను. పక్కనున్న కూలీలు నవ్వారు. అతను కూడా నవ్వాడు. ఆ తరవాత మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. చెప్పింది చేశాడు.

ఒక్క గోడ తప్ప. నేను మా చెల్లెలి పెళ్ళిచూపులకని రెండు రోజులు ఊరెళ్ళాను. ఆ రెండు రోజుల్లో సిమెంటు అయిపోయింది. వానకి దారి బురదై లారీ రాలేదు. మేస్త్రి ఖాళీగా కూర్చోలేక, కొల్లేటి నత్తగుల్లలు కాల్చిన సున్నం తెప్పించి, ఇటుక పొడి కలిపి, వంటింటి వెనక గోడ పని మొత్తం దానితో పూర్తిచేశాడు. తిరిగొచ్చి చూసి నేను నలుగురిలో కేకలేశాను. "మీరు లేరు కదండి, పని ఆగకూడదని" అన్నాడు. ఆ గోడ మీద మళ్ళీ సిమెంటు వేద్దామనుకున్నాను గానీ వంటింటి వెనక ఎవరు చూస్తారులే అని వదిలేశాను.

ఆ నాటి డైరీ నా ముందుంది. "మేస్త్రి చెప్పకుండా సున్నం వేశాడు. మందలించాను." దానికి వారం తరవాత పేజీలో, "మాస్టారి ఇల్లు పూర్తి. ఇంక నూరేళ్ళు చూసుకోనక్కర్లేదు." కింద గీత కూడా గీశాను.

టీచరు గారి ఫోను

ముప్ఫై ఏళ్ళు గడిచాయి. కాంట్రాక్టరు గారి దగ్గర మానేసి సొంతంగా పాత ఇళ్ళ పనులు చేశాను. సిమెంటు పూసిన పాత గోడలు ఎలా చెడిపోతాయో ఇంకెన్నో ఇళ్ళలో చూశాను, నేర్చుకున్నాను, ఇతరులకు చెప్పాను కూడా. కానీ కలిదిండి వైపు ఆ ఇల్లు ఎలా ఉందో వెళ్ళి చూడలేదు. తీరిక లేదని చెప్పుకునేవాణ్ణి. నిజం చెప్పాలంటే భయం. మన తప్పు ఉన్న ఊరి మీదుగా బస్సు వెళుతుంటే రెండోవైపు కిటికీలోంచి చూస్తాం.

పనులు ఒప్పుకోవడం దాదాపు మానేసిన రోజుల్లో ఒక ఫోను వచ్చింది.

"నమస్కారమండీ, నేను ఏసుపాదం మాస్టారి అమ్మాయి రూతునండీ. మీకు గుర్తుండకపోవచ్చు."

గుర్తుంది. మేము పని చేసేనాటికే ఆమె టీచరు. ఇప్పుడు ఆమే రిటైరయింది. మాస్టారు పోయాక ఇంట్లో ఉంటున్నది ఆమే.

"గోడలు రాలిపోతున్నాయండీ. ఒక మూల పగిలింది కూడా. తమ్ముడు తీసేద్దామంటున్నాడు. మీరొచ్చి ఒక్కసారి చూసి, బాగవుతుందో లేదో చెప్పండి. మీరు కాదంటే ఇంక ఎవర్నీ అడగను."

"నన్నే ఎందుకమ్మా అడగడం?" అన్నాను.

"పోయినసారి చేసింది మీరే కదండీ" అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

వెళ్ళాను. ఒకప్పుడు ఇంటి చుట్టూ వరిచేలుండేవి. ఇప్పుడు తూర్పు గోడకు పాతికడుగుల దూరంలో చేపల చెరువు గట్టు. ఆ నేల టీచరు గారి తమ్ముడు దయానందం వాటాకు వచ్చింది. అతను దాన్ని సత్తిబాబు అనే ఆయనకు చేపల సాగుకు కౌలుకిచ్చాడు. ఇల్లు మాత్రం అక్కాతమ్ముళ్ళిద్దరిదీ. ఇల్లు తీసేస్తే దాని కింద నేల కూడా చెరువులో కలుస్తుంది.

దయానందం మాటకారి. నన్ను చూడగానే, "రండి సార్, రండి. మీరు చేసిన పని చూసుకుందురు గాని" అంటూ చేతి కర్రతో సిమెంటు పూతను పొడిచాడు. పెచ్చు పెద్దదే ఊడిపడింది. వెనకాల రాళ్ళ మధ్య సున్నం తడి పిండిలా ఉంది. పైన తెల్లగా ఉప్పు. చుట్టం ఎటూ వెళ్ళలేక ముప్ఫై ఏళ్ళు అక్కడే కాపరం చేసింది.

"ఇదెప్పుడు మీద పడుతుందో తెలీదు. ఈసారి వరదొస్తే ఊరంతా ఇక్కడికే ఎక్కుతారు. అప్పుడు కూలితే ఎవరండీ జవాబుదారీ? మీరా, అక్కయ్యా?"

అతని ప్రశ్న తప్పు కాదు. అతనికి చెరువు మీద ఆశ ఉంది. ఆ భయమూ నిజమే. ఎదుటివాడికి లాభం ఉందని అతను చెప్పే మాట అబద్ధమైపోదు. ఇది ఈ వృత్తిలో త్వరగా నేర్చుకోండి.

"నాకు ఇల్లంతా చూడనివ్వండి" అన్నాను. గదులన్నీ తిరిగాను. చివరికి వంటింటి వెనక్కి వెళ్ళాను.

ఆ గోడ పొడిగా ఉంది. సున్నం రాయిని పట్టుకుని ఉంది. గోరుతో గీశాను, రాలలేదు. తాపీ పిడితో తట్టాను, కంగుమంది. నేను నలుగురిలో కేకలేసిన గోడ అదొక్కటే ఆ ఇంట్లో ఆరోగ్యంగా ఉంది.

బయటికొచ్చి, "బాగవుతుందమ్మా" అన్నాను. టీచరు గారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. దయానందం, "ఎలా చెప్తారండీ అంత గట్టిగా?" అన్నాడు. వంటింటి వెనక్కి తీసుకెళ్ళి చూపించాను. ఎవరు చేశారో, నేనేమన్నానో కూడా చెప్పాను. చెప్పకపోతే ఆ పని మొదలుపెట్టే హక్కు నాకు లేదనిపించింది.

వీరాస్వామి దగ్గరికి

మర్నాడు పెంటపాడు వెళ్ళాను. మేస్త్రికి ఎనభై దాటాయి. వాకిట్లో మంచం మీద కూర్చుని వక్కలు కత్తిరిస్తున్నాడు. కళ్ళు మసక. నా గొంతు విని గుర్తుపట్టాడు.

దారంతా సిద్ధం చేసుకున్న మాట చెప్పాను. ఆ రోజు నేను కేకలెయ్యడం తప్పు మేస్త్రీ, నీ గోడ ఒక్కటే నిలబడింది అన్నాను.

"ఏ గోడండీ?" అన్నాడు.

చెప్పాను.

"నాకు గురుతు లేదండి. చాలామంది అరిచారండి, ఎవర్నని గురుతెట్టుకోను?" అని పెద్దగా నవ్వాడు. క్షమాపణ చెప్పుకున్న తృప్తి కూడా అతను నాకు మిగల్చలేదు. కానీ సున్నం ఎలా కలిపావని అడిగితే మాత్రం వేళ్ళు లెక్కపెడుతూ చెప్పాడు. గుల్ల సున్నం నీళ్ళలో ఎన్నాళ్ళు నాననివ్వాలి, ఇటుక పొడి ఎంత మెత్తన ఉండాలి, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు ఎప్పుడు పోయాలి, ఎండ తగలకుండా తడి గోనెలు ఎన్ని రోజులు కప్పాలి. మనిషిని మరిచిపోయాడు, గోడను మరిచిపోయాడు, పాళ్ళు మరిచిపోలేదు. ఆ డైరీ పేజీని నేను రెండుసార్లు తిరగరాసి పెట్టుకున్నాను.

లేస్తుంటే, "తొందరపడకండి బాబూ. సిమెంటు ఒక్కరోజులో చెప్తాది బాగుందని. సున్నం ఏడాదికి గాని చెప్పదు" అన్నాడు.

ఆ మాట నేను సరిగా వినలేదని తొమ్మిది నెలల తరవాత తెలిసింది.

నా రెండో తప్పు

చలికాలమంతా సిమెంటు ఊడదీయించాను. సుత్తి దెబ్బ గట్టిగా పడితే రాయి కదిలిపోతుంది. కాబట్టి చిన్న ఉలులతో, అడుగు అడుగు చొప్పున చేయించాను. నేను పూయించిన ప్రతి గజమూ నా కళ్ళముందే ఊడింది. తరవాత గోడల్ని రెండు నెలలు అలాగే ఆరనిచ్చి, వీరాస్వామి పాళ్ళతో సున్నం పట్టించాను. టీచరు గారు రోజూ పొద్దున్నే వచ్చి గోడ మీద అరచెయ్యి పెట్టి చూసేది. మార్చి నెలలో ఒకరోజు, "ఏవండీ, చెయ్యి తడవట్లేదండీ" అంది. ఆ రోజు నేను ఎంత గర్వపడ్డానో దాచుకోను.

మిగిలింది తూర్పు మూల పగులు. నేల నుంచి కిటికీ దాకా ఏటవాలుగా పాకింది. వేసవిలో అందులోకి నా చిటికెనవేలు దూరేది. అంత పగులుకు సున్నం చాలదనుకున్నాను. పాత బుద్ధి ఎక్కడికి పోతుంది? ఇనప కడ్డీలు అడ్డంగా గుచ్చి, సిమెంటు దట్టించి మూసేశాను.

వానలు పడ్డాయి. శ్రావణమాసం నాటికి మూసిన పగులు మూసినట్టే ఉంది. దానికి రెండడుగుల అవతల, కిటికీ పై రాయి మీదుగా, కొత్త పగులు వచ్చింది.

దయానందం నన్ను ఏమీ అనలేదు. వాళ్ళక్కతో అన్నాడు. "చూశావా అక్కా, సారు పగులు పూడ్చలేదు, పక్కకి జరిపారు." ఊళ్ళో ఆ మాట బాగా పేలింది. నేను వీధిలోకి వెళితే టీకొట్టు దగ్గర, "పగులు ఇవాళ ఎక్కడి దాకా జరిగిందండీ?" అని అడిగేవాళ్ళు.

టీచరు గారు మాత్రం నొచ్చుకుంది. "మీరు ఓపిక పట్టి చేశారండీ. ఇంక వదిలెయ్యండి. దేవుడు ఎంతవరకు ఉంచితే అంతవరకే" అంది. ఆమె ఆశ వదులుకోవడం చూడడం వెటకారాల కంటే కష్టమనిపించింది.

ఇంటికొచ్చి ఆ ఏడాది డైరీ ముందేసుకున్నాను. పని చూడడానికి వెళ్ళిన ప్రతిసారీ పగులు వెడల్పు రాసుకునే అలవాటు నాకుంది. మొదటిసారి చూసినప్పుడు, "రూపాయి బిళ్ళ అంచు దూరడం లేదు." చలికాలంలో కూడా అంతే. ఏప్రిల్‌లో, "పెన్సిల్ దూరింది." మే నెలలో, "చిటికెనవేలు." ఎందుకు మారిందో ఎక్కడా రాయలేదు. కానీ ఏప్రిల్ పేజీ చివర తిండి సంగతి ఉంది. "సత్తిబాబు గారు బొచ్చె చేప ఇచ్చారు. టీచరు గారు పులుసు చేశారు." మర్నాడూ చేపే. ఆ పై వారం మళ్ళీ చేపే.

మా ఆవిడను కేకేసి చూపించాను. "చూడు, నేను చేపల పులుసు తిన్న రోజులన్నీ పగులు పెరిగిన రోజులే."

"అయితే తినడం మానెయ్యండి" అంది.

చేప ఇంటికి వచ్చిందంటే అర్థం చెరువులో పట్టుబడి, అంటే చేపలు పట్టడం, జరుగుతోందని. పట్టుబడికి నీళ్ళు తోడేస్తారు. చేపలు పట్టాక అడుగు బురద కుళ్ళకుండా నెలా నెలన్నర చెరువును ఎండగడతారు. ఇంటి కింద ఉన్నది నల్లమట్టి. నీళ్ళుంటే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుని బీటలు తీస్తుంది. చెరువు ఎండినప్పుడల్లా ఇంటి తూర్పు మూల కాస్త దిగుతోంది, పగులు తెరుచుకుంటోంది. నీళ్ళు పెట్టినప్పుడల్లా పైకి లేస్తోంది, పగులు మూసుకుంటోంది. నేను సరిగ్గా అది పూర్తిగా తెరుచుకుని ఉన్న నెలలో సిమెంటు దట్టించాను. మూల తిరిగి లేవాలనుకున్నప్పుడు పగులు మూసుకునే దారి లేదు. గోడ ఇంకో చోట పగిలింది.

ముప్ఫై ఏళ్ళ క్రితం తడికి దారి మూశాను. ఇప్పుడు గోడ కదలికకు దారి మూశాను. తప్పు ఒకటే, వేషం మారింది.

సత్తిబాబు బోదె

కారణం తెలిసినా మందు నా చేతిలో లేదు. అది చెరువు చేసే ఆయన చేతిలో ఉంది. టీచరు గారింట్లోనే కూర్చోబెట్టి సత్తిబాబు గారికి విషయం చెప్పాను. దయానందం కూడా ఉన్నాడు.

"అంటే ఎండగట్టొద్దంటారా?" అన్నాడు సత్తిబాబు. "కుదరదండి. అడుగు ఎండకపోతే వచ్చే పంటకి పిల్ల బతకదండి. మీ గోడ కోసం నా చెరువు చంపుకోమంటే ఎలాగండి?"

"ఎండగట్టొద్దని అనట్లేదండీ. ఇంటి వైపు మాత్రం తడి ఆరకుండా ఉండాలి."

"చెరువు సగం ఎండి సగం తడుత్తాదా ఏంటండీ?"

ఇలాంటప్పుడు ఇంజనీరు మాట్లాడకుండా ఉండడం చాలా మంచిది. సత్తిబాబు లేచి వెళ్ళి అరుగు మీద నుంచి చెరువు కేసి చూశాడు. వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"గట్టు ఎమ్మట లోపలొక చిన్న గట్టేత్తే? రెండు గట్ల మధ్యా బోదె ఉంటాది. నేను చెరువు తోడినా బోదెలో నీళ్ళు ఉంచొచ్చండి. ఇంజనొకటి రోజుకో గంట ఆడిత్తే చాలు."

నేను ఎంత ఆలోచించినా తట్టని ఉపాయం అది. ఇంటికీ చెరువుకీ మధ్య ఎప్పుడూ నీళ్ళుండే సన్నటి కాలువ.

"మీ నేల కొంత పోతుంది కదండీ?" అంది టీచరు గారు.

"పోనీండి టీచరుగారూ. పోయిన వరదలో నా మేత బస్తాలన్నీ ఎక్కడ పెట్టుకున్నానండి? మీ హాల్లోనే కదా" అన్నాడు. తరవాత దయానందం వైపు తిరిగి, "కౌలు కాగితంలో బోదె కింద పోయే నేల తీసేసి రాయాలి మరి, ముందే చెబుతున్నా" అన్నాడు.

దయానందం ఆలోచించాడు. "ఒక్క పంట చూస్తానండి. వచ్చే ఎండగట్టుడులో ఇది మళ్ళీ పగిలితే ఇంక అడ్డు చెప్పకూడదు. అక్కా, నువ్వు కూడా. ఇల్లు తీసేద్దాం."

టీచరు గారు, "సరే" అంది.

దట్టించిన సిమెంటునూ కడ్డీల్నీ జాగ్రత్తగా తీయించాను. గోడ మందమంతా పట్టే పొడవు రాళ్ళు ఏలూరులో పడగొట్టిన ఒక పాత గోడౌను నుంచి తెప్పించి, రెండు పగుళ్ళకూ అడ్డంగా పేర్పించాను. సందుల్లో గుల్ల సున్నమే పెట్టాను. చెరువు నిండా నీళ్ళుండగా, మూల పైకి లేచి ఉన్నప్పుడే పని ముగించాను. నేల మీద ఇంటి చుట్టూ ఎండ నేరుగా తగలకుండా రాయి పరిపించాను. చివర్లో రెండు పగుళ్ళ జాడల మీదా అడ్డంగా ఒక్కొక్క పలచటి గాజుముక్క, రెండు చివరలూ గోడకు అతికించాను. గోడ కొంచెం కదిలినా గాజు విరుగుతుంది. కొలతకు ఇంతకంటే నిజాయితీ గల పరికరం నాకు తెలియదు. అది ఎవరి మొహమాటానికీ లొంగదు.

ఎండగట్టిన నెల

"రేపు చెరువు తోడేత్తన్నానండి" అని సత్తిబాబు ఫోను చేసిన రోజే నేను పెట్టె సర్దుకుని వెళ్ళాను. టీచరు గారి పొరుగింట్లో ఒక గది తీసుకున్నాను. పొద్దుటా సాయంత్రం గాజు చూడడం, డైరీలో రాయడం, అంతే పని. దయానందం రోజూ పొద్దున్నే నాకంటే ముందొచ్చి చూసి వెళ్ళేవాడు. ఇద్దరం ఒకరికొకరం చెప్పుకునేవాళ్ళం కాదు. టీచరు గారు మాత్రం గాజు వైపు వెళ్ళేది కాదు. "మీరే చూడండి. నేను చూస్తే నా దిష్టే తగులుతుంది" అనేది.

వల లాగారు. చెరువు అడుగు కనిపించింది. వారానికి బురద మీద పెంకులు కట్టింది. రెండో వారానికి బీటలు తీసింది. ఆ బీటల్లో చెయ్యి దూరేది. నేను గట్టు మీద నిలబడి అటు చూస్తే ఆ బీటలు, ఇటు చూస్తే బోదెలో నీళ్ళు మెరుస్తూ ఉండేవి. ఒకరోజు ఇంజను మొరాయించింది. సత్తిబాబు తన మనుషుల్ని పెట్టి బకెట్లతో నీళ్ళు పోయించాడు. "ఒక్కపూట ఎండితే ఏం కాదులెండి" అని నేనే అన్నాను. "మీకు తెలీదండి, నాకు తెలుసు నా నేల" అన్నాడు.

ముప్ఫై ఎనిమిదో రోజున చెరువుకు మళ్ళీ నీళ్ళు పెట్టారు. ఆ రోజు పొద్దున నేను వెళ్ళేసరికి దయానందం గాజు ముందు వంగి నిలబడి ఉన్నాడు. వేలితో రెండు గాజుల మీదా దుమ్ము తుడిచాడు. చివర నుంచి చివర దాకా తడిమి చూశాడు.

"ఏమండీ?" అన్నాను.

అతను నిటారుగా నిలబడి, తల తిప్పి, ఇంట్లోకి కేకేశాడు. "అక్కా, ఇలా రా. నీ దిష్టేం తగలదులే, రా."

ఆమె వచ్చి చూసింది. గాజు పక్కన రాయి మీద అరచెయ్యి ఆనించి, అలాగే ఉండిపోయింది.

దయానందం నాతో అన్నాడు. "పడమటి గోడకి కూడా రెండు అంటించండి సార్. ఏమో, ఎవరు చూడొచ్చారు."

ఆ ఏటి వానల్లో కొల్లేరు పొంగింది. రాతింటి అరుగు మీద ఎప్పటిలా జనం ఎక్కారు. వాళ్ళలో దయానందం కుటుంబం, అతని విత్తనాల బస్తాలు కూడా ఉన్నాయని టీచరు గారు ఫోనులో నవ్వుతూ చెప్పింది.

నేను కట్టినవాటిలో, బాగుచేసినవాటిలో నాకు ఎక్కువ గర్వం ఈ ఇంటి మీదే. అందులో సున్నం వీరాస్వామిది, బోదె సత్తిబాబుది, ఓపిక రూతు టీచరుది. నాది అడగడం మాత్రమే. అది నేర్చుకోవడానికి నాకు ముప్ఫై ఏళ్ళు పట్టింది. మీరు త్వరగా నేర్చుకోండి.

చెరువుకు నీళ్ళు పెట్టిన ఆ రోజు రాత్రి ఇంటికొచ్చి పాత డైరీ తీశాను. "ఇంక నూరేళ్ళు చూసుకోనక్కర్లేదు" అన్న వాక్యం, కింద నేను గీసిన గీత. కొట్టివేయలేదు. రాసింది రాసినట్టే ఉండాలి. కొత్త డైరీలో ఆ తేదీ కింద ఇలా రాసుకున్నాను: "రెండు గాజులూ పగల్లేదు. మధ్యాహ్నం టీచరు గారింట్లో చేపల పులుసు. వచ్చే ఏడు మళ్ళీ వెళ్ళి చూడాలి."